కోయని గొర్రె

ఇది మహాకావ్యానికి సరిపడే కథ. నిజానికి ఒక గొర్రె చచ్చింది, అంతే.

శామీర్‌పేట చెరువు మీద మంచు తేలుతున్న ఉదయం, ముక్కులో నెత్తురుతో పడివున్న గొర్రె తోలు తీయడానికి చిన్నాయిన కత్తి పట్టాడు. మైక్రోబయాలజీ చదివే నేను అడ్డుపడ్డాను.

“కొయ్యకు చిన్నాయినా! దొమ్మరోగమైతే, అదే ఆంత్రాక్స్ అయితే, లోపలి బాక్టీరియాకు గాలి తగులుతది. గింజలెక్క ముడుసుకొని మన మట్టిల ఏండ్లకేండ్లు పండుకుంటది. మిగతా గొర్లు మేసేది ఈడనే గదా!”

“పండుకునుడేనా? అయితే అచ్చం నీ లెక్కనే!”

అయినా కత్తి దించాడు. పశువుల డాక్టర్ వచ్చి, గొర్రె చెవిలోంచి నెత్తురు చుక్క పరీక్షకు తీసుకెళ్లాడు. గొర్రెను సున్నం చల్లి లోతుగా పూడ్చాం. నేలంతా కలగంటున్నట్టు అనిపించి, దాన్ని లేపకుండా మెల్లగా నడిచాను.

రిపోర్టులో దొమ్మ లేదు. ఫంక్షన్ హాల్ వెనక పారబోసిన బగారన్నం తిని కడుపుబ్బి పోయి ఉంటుందన్నాడు డాక్టర్.

మిగిలిన సున్నం కొట్టం గోడలకు వేశాం.