పిన్నికి పూనింది ఎవరో

మొన్న ఆదివారం నేనూ రోజీ మా ఇంట్లో ఒక సినిమా చూస్తున్నాం. అందులో ఇద్దరమ్మాయిలు ప్రేమించుకుంటారు. ఒక పిల్ల ఇంట్లో పూట గడవక, ఆమెను ఎక్కడో దూరాన పెళ్లి చేసి పంపేస్తారు. సాగనంపేటప్పుడు డప్పులు మొదలయ్యాయి. ఆ మోత చెవిన పడగానే నా అరికాళ్లు చల్లబడ్డాయి. రోజీ నా మొహం చూసి టీవీ కట్టేసింది. "పిన్ని గుర్తొచ్చిందేటి?" అంది. తలూపాను. రమణమ్మ పిన్ని పోయి ఏళ్లవుతున్నా, డప్పు వింటే ఆవిడ పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది నాకు.

పిన్ని మాకు చుట్టం కాదు. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ ఆవిడ. మామూలు రోజుల్లో పిలిస్తే పలికేది, అంతే. మాత పూజల్లో ఘటం కుండ నెత్తికెత్తిందంటే మాత్రం అమ్మవారు పూనేది. ఆడవాళ్లు ఆవిడ కాళ్ల మీద పసుపునీళ్లు పోసి ఇంటి సంగతులు అడిగేవారు. వచ్చిన జవాబుకు ఎదురు చెప్పే దమ్ము మా లైన్లో ఏ మొగాడికీ లేదు. నాకైతే ఆవిడంటే చచ్చేంత భయం.

ఆ పూజలకే సందు చివర తెర కట్టి సినిమాలు వేసేవారు. నేనూ, వెనక లైన్లోని క్రైస్తవుల ఇంటి పిల్ల రోజీ, తెర వెనక్కి చేరేవాళ్లం. బొమ్మ తిరగబడి కనిపిస్తే మాకేం, చేతిలో చెయ్యి ఉండేది. ఒకసారి పిన్ని చప్పుడు లేకుండా వచ్చి మా వెనక నిలబడింది. నేను చెయ్యి లాక్కున్నాను. ఆవిడ గోడ మీది బల్బు ఆర్పి, "మీ ఎనక దీపముంది. మీ నీడలు తెర మీద పడి అటేపోల్లకి అగుపడతన్నాయి," అని వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియక నాకు భయం ఇంకా ఎక్కువైంది.

ఆ మరుసటి ఏడు మా నాన్న డ్యూటీలోనే గుండెపోటుతో పోయాడు. సర్వీసులో ఉండగా పోతే రైల్వే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తుంది. బొబ్బిలి నుంచి మావయ్య వచ్చి అంతా తేల్చేశాడు. ఉద్యోగం తమ్ముడికి అట్టేపెట్టాలి. వాడికి వయసొచ్చేదాకా అమ్మా వాడూ తన ఇంట్లో ఉంటారు. నన్ను తన బావమరిదికి ఇచ్చి చెయ్యాలి. "ఆడపిల్లకి ఉద్దోగమెందుకే అప్పా, రేపు ఎల్లిపోయేదే గదా," అన్నాడు అమ్మతో. రైలు టికెట్లు కూడా తీసేశాడు. ఆ రైలెక్కితే రోజీ ఇక నాకు లేనట్టే. రోజీ "ఏటి సేద్దామే?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతకుమించి మాకేం చేతనవును?

ఈలోగా మాత పూజ వచ్చింది. అమ్మ పిన్ని కాళ్ల మీద పసుపునీళ్లు పోసి, "తల్లీ, గుంటని బొబ్బిలి పంపేస్తన్నాం, సల్లగా సూడు," అంది. పిన్ని ఊగడం ఆపేసింది. పూనకంలో గర్జించే మనిషి, ఆ వేళ చిన్నపిల్ల గొంతుతో, మెల్లగా, "నన్ను రైలెక్కించీసినారు," అంది. "నాను ఒల్లనన్నాను. ఎవులూ ఇనలేదు." డప్పులవాళ్ల చేతులు ఆగిపోయాయి. పిన్ని నా జడ పట్టుకుంది. వేళ్లు మంచులా ఉన్నాయి. "దీన్ని ఎక్కించకండి. ఉద్దోగం దీనికియ్యండి. లేపోతే మీ గడప నాను తొక్కను," అంది.

మావయ్య మా టికెట్లు రద్దు చేసుకుని ఒంటరిగా వెళ్లాడు. అమ్మ నా పేరుతోనే దరఖాస్తు పెట్టింది. అమ్మవారు రైలెక్కడమేమిటని మా లైన్లో ఒక్కరికీ తోచలేదు.

రైల్వే వర్క్‌షాపులో చేరాక మిఠాయి పట్టుకెళ్లి, "పిన్నీ, ఆ రోజు పలికింది అమ్మవారేనా?" అని అడిగాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని తోటకూర తరుగుతోంది. "నానేటి సెప్పినానో నాకు తెలీదే. నువ్వు సెప్పు," అంది. చెప్పాను. చేతులు ఆగిపోయాయి. "అది నరసి," అంది. "మా ఊరి పిల్ల. మా ఇద్దరికీ ఒకటే దువ్వెన. అప్పులోల్ల బాధ పడలేక దాన్ని రాయగడ దిక్కు ఇచ్చీసినారు. రైల్లోంచి నన్నే సూస్తంది. నాను నోరిప్పలేదు. ఏడాది తిరక్కుండా సచ్చిపోయింది." నాకు ఏడుపొచ్చింది. పిన్ని ఏడవలేదు. "ఉద్దోగం ఒదలకు. ఆ పిల్లనీ ఒదలకు," అని మళ్లీ కూర తరగడం మొదలెట్టింది.

అమ్మ పోయాక రోజీ నా క్వార్టర్‌కే వచ్చేసింది. ఆ తర్వాత పిన్ని మంచం పట్టింది. ఒక సాయంత్రం మేమిద్దరం జావ కాచి తీసుకెళ్లాం. మనుషుల్ని గుర్తుపట్టడం మానేసిన పిన్ని, కళ్లు తెరిచి చక్కగా నవ్వింది.

"ముగ్గురూ ఒచ్చినారా? కూసోండి," అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. రోజీ వంటగదిలోంచి ఇంకో పీట తెచ్చి మా ఇద్దరి మధ్యా వేసింది. మేం చెరోపక్కా సర్దుకుని కూర్చున్నాం. ఇంట్లో ఇప్పటికీ అలాగే, మధ్యన చోటు వదిలి కూర్చుంటాం.