అత్తమ్మ ఒళ్లో కజ్జికాయల డబ్బా

మా కారు తలుపు వేస్తే బొరుగుల డబ్బాకు మూత పెట్టినట్టు చప్పుడవుతుంది. ప్రొద్దుటూరులో ఎవరో వాడిన బండిని కొని, చూపించడానికి జమ్మలమడుగులో మా అత్తమ్మ ఇంటికి తీసుకెళ్లిన రోజు, అత్తమ్మ తమ్ముడు బానెట్ మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. రేకు లోపలికి పోయి, వేలు తీయగానే టప్పుమని పైకొచ్చింది.

"ఏం అల్లుడా, కారు కొన్నావా, నూనె డబ్బా కొన్నావా?" అన్నాడు మా ఆయనతో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నా చంకలో పాప ఉంది. నవ్వుతూనే ఆ బానెట్ వైపు ఇంకోసారి చూశాను.

నిజం చెప్పాలంటే ఆ కారంటే నాకు ప్రాణం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో మోటారు సైకిళ్లు, తోపుడు బండ్లు, ఎద్దులు, అన్నిటి మధ్య నుంచి పిల్లిలా దూరిపోతుంది. రెండు స్కూటర్లు నిలిపే జాగా దొరికితే అందులో సర్దుకుంటుంది. వర్షంలో పాపను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు ఆటో కోసం ఎదురుచూడకుండా చేసింది. ఊళ్లో అది బంగారు తల్లి. ఊరు దాటితేనే దాని అసలు సంగతి తెలుస్తుంది. సిమెంటు లారీ పక్కనుంచి వెళ్తే, భయపడి దారి ఇచ్చినట్టు ఒక జానెడు పక్కకు జరుగుతుంది. ఎయిర్ బ్యాగ్ ఒకటే, అదీ నడిపేవాళ్ల ముందు.

ఈ మాట చెప్పినప్పుడు అత్తమ్మ సంతోషపడింది. "ఆ సంచి నా కొడుకు ముందర ఉండాది కదా, సాలు" అంది.

"మరి పక్కన కూర్చునే వాళ్లకో అత్తమ్మా?"

"పక్కన కూసునేది నేనే కదమ్మీ. నాకేమైతాది, నేను గట్టిదాన్ని."

పాప పడుకున్నాక నేను ఫోన్లో ఒక పాడు పని చేసేదాన్ని. చిన్న కార్లను గోడకు గుద్ది చూసే వీడియోలు చూసేదాన్ని. లోపల మనుషులకు బదులు బొమ్మల్ని కూర్చోబెడతారు. చిన్నపిల్లల బొమ్మలు కూడా ఉంటాయి. బెల్టు లేని బొమ్మ ఎటు పోతుందో నెమ్మదిగా చూపిస్తారు. మా ఆయన పక్కకు తిరిగి, "మేయ్, ఆ బొమ్మలు పడుకున్నాయి, నువ్వూ పడుకో" అనేవాడు. నాకు నిద్ర పట్టేది కాదు. కారు మార్చే స్థితి లేదు. రేకు మందం చేయడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది ఒకటే. పాప ఎక్కడ కూర్చోవాలి, ఎలా కూర్చోవాలి అన్నది. అదైనా సరిగ్గా చేయాలనుకున్నాను.

బెంగళూరులో నాతో పాటు డిగ్రీ చదివిన స్నేహితురాలు ఉంది. వాళ్ల అబ్బాయి పెద్దవాడయ్యాడని వాడి కారు సీటు నాకు పంపింది. కారు సీటు మీద పెట్టి బెల్టుతో బిగించే చిన్న కుర్చీ అది. ఆదివారం పొద్దున్నే ఉత్సాహంగా కారులో పెట్టబోతే, మా వెనక సీటుకు బెల్టులే లేవు.

బెల్టులు లేని కారు ఉండదు కదా అని చుట్టూ తడిమాను. అప్పుడు తెలిసింది. మా ఊళ్లో కారు కొనగానే అందరూ చేసే పని మేమూ చేశాం. దేవుడి దగ్గర పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, ఆ తర్వాత నేరుగా సీటు కవర్ల అంగడి. అక్కడ వెనక సీటు మొత్తానికి మెరిసే మెరూన్ కవరు కుట్టించాం. బెల్టులు, వాటి తాళాలు అన్నీ ఆ కవరు కిందే సమాధి అయిపోయాయి. మేం సంతోషంగా ఫోటోలు కూడా తీసుకున్నాం.

కవర్ల అంగడికి వెళ్లి అడిగితే ఆయన ఆశ్చర్యపోయాడు.

"వెనక బెల్టు యాడ పెట్టుకుంటారు మేడమ్? అందరూ లోపలికి తోసేయమంటారు. కూసుంటే గుచ్చుకుంటాదని."

"మాకు కావాలన్నా. బయటికి తీయండి."

"మెరూన్ మీద కోత పడతాది, చూసేదానికి బాగుండదు."

"పడనీయండి."

ఆయన నిట్టూర్చి, అందమైన చీరకు కత్తెర వేస్తున్నంత బాధతో కుట్లు విప్పాడు. లోపలి నుంచి రెండు బెల్టులు, పాత యజమాని కాలం నాటి శనక్కాయ తొక్కలు, ఒక చిన్నపిల్ల గాజు బయటపడ్డాయి. మధ్యలో కూర్చునేవాళ్లకు బెల్టే లేదని కూడా అప్పుడే తెలిసింది. వెళ్లే ముందు ఆయన కారు ముందు సీటు వైపు చూపించి, "ఆ క్లిప్పు కూడా తీసేస్తారా ఏంది?" అని అనుమానంగా అడిగాడు. కవర్లతో పాటు ఉచితంగా ఇచ్చిన క్లిప్పు అది. బెల్టు తాళంలో గుచ్చితే, బెల్టు పెట్టుకోకపోయినా కారు అరవదు. నేను దాన్ని ఊడదీసి నా హ్యాండ్ బ్యాగులో వేసుకున్నాను. ఆ రోజు నుంచి మా కారు అరవడం మొదలుపెట్టింది. నేను కూడా.

అసలు పరీక్ష పులివెందుల ప్రయాణంతో వచ్చింది. మా ఆడపడుచు అత్తగారి ఊరు అది. ఆమెకు శ్రీమంతం. ప్రొద్దుటూరు నుంచి మేము ముగ్గురం జమ్మలమడుగు వెళ్లి, అత్తమ్మను ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా వెళ్లాలి. మామయ్య గొర్రెల్ని వదిలి ఏ శుభకార్యానికీ రారు. ఆయనకు బదులుగా అత్తమ్మ తమ్ముడు తయారుగా ఉన్నాడు. ఆయనను నేను చిన్నాయనా అంటాను.

వెనక సీటులో బెల్టులతో కూర్చున్న పాపను చూసి అత్తమ్మ ఇంటి ముందే గొడవ మొదలుపెట్టింది.

"ఏందమ్మీ ఇది! బిడ్డను దూడను కట్టేసినట్టు కట్టేసినావు? ఇట్లియ్యి, నా ఒళ్లో కూసోబెట్టుకుంటా. ముందర అయితే రోడ్డు చూసుకుంటా వస్తాది."

"వద్దత్తమ్మా. సడన్‌గా బ్రేకు వేస్తే..."

"నేను పట్టుకోనా? ఇద్దరు పిల్లోళ్లను ఈ చేతుల్తోనే పెంచినా. గొర్రె పిల్లల్ని చంకలో పెట్టుకుని ఎన్ని బస్సులు ఎక్కి దిగినానో. ఒక్కటి జారిందా?"

చిన్నాయన నవ్వుతూ, "చదువుకున్న కోడలు కదక్కా, ఫోన్లో చూసింటాది" అన్నాడు.

పెద్దావిడ ముందు మొండికేయడం నాకు అలవాటు లేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఈ ఒక్క మాట వినండత్తమ్మా. ఇంకేం చెప్పినా వింటాను" అన్నాను.

అత్తమ్మ ముఖం మాడ్చుకుని ముందు సీట్లో కూర్చుంది. పాప లేని ఒళ్లో ఒక పెద్ద స్టీలు డబ్బా పెట్టుకుంది. నిండా కజ్జికాయలు. కడుపుతో ఉన్న కూతురు అవే కావాలని అడిగిందట. డిక్కీలో పెడదామంటే ఒప్పుకోలేదు.

"డిక్కీలో పొడైపోతాయి. నా చేతుల్లో ఉంటే భద్రంగా ఉంటాయి" అంది. ఆ చివరి మాట నాకు వినబడేలా కొంచెం గట్టిగా అంది.

కారు కుయ్ కుయ్ మని అరిచింది. "పోలీసోడు లేని రోడ్డుకు బెల్టెందుకురా, చీర నలిగిపోతాది" అంటూనే అత్తమ్మ బెల్టు పెట్టుకుంది. చిన్నాయన వెనక నాకూ, పాప సీటుకూ మధ్య మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాడు. ఆయనకే బెల్టు లేదు.

ముద్దనూరు దాటాక రోడ్డు బాగుంది. మా ఆయన కాస్త వేగం పెంచాడు. అత్తమ్మ కూతురి గురించి చెబుతూ మాటల్లో పడింది. పాప బిస్కెట్ తింటోంది. ఒక మలుపు తిరిగాం. ఎదురుగా రోడ్డంతా గొర్రెలు.

మా ఆయన బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. కారు జారుకుంటూ వెళ్లి, మొదటి గొర్రెకు బారెడు దూరంలో నిలబడింది.

నేను పాప వైపు తిరిగాను. బెల్టులు బిగుసుకుని ఉన్నాయి. బిస్కెట్ చేతిలోనే ఉంది. కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. తర్వాత, "నాన్నా, ఇంగోతూరి!" అంది.

అప్పుడు ముందుకు చూశాను. చిన్నాయన రెండు సీట్ల మధ్య నుంచి దూసుకుపోయి గేరు రాడ్డును కౌగిలించుకుని ఉన్నాడు. దెబ్బ తగల్లేదు. అత్తమ్మ బెల్టుకు వేలాడుతూ రెండు చేతులూ ముందుకు చాపి ఉంది. ఆ చేతుల మధ్య ఏమీ లేదు. డబ్బా డ్యాష్‌బోర్డుకు గుద్దుకుని, మూత ఊడి, ఆమె కాళ్ల దగ్గర పడింది. కజ్జికాయలు కారంతా ఉన్నాయి. కొబ్బరి, చక్కెర ముందు అద్దం మీద మంచులా అతుక్కున్నాయి. ఏసీ గాలికి కొబ్బరి వాసన, యాలకుల వాసన.

గొర్రెల కాపరి కిటికీ దగ్గరికొచ్చాడు. "అప్పా, హారన్ మాత్రం కొట్టాకు. బెదురుతాయి" అన్నాడు నిదానంగా.

మామూలుగా అయితే అత్తమ్మ ఆయన్ని ఏ ఊరు, ఎవరి మంద అని అడిగి, చుట్టరికం కలిపి, తర్వాత తిట్టేది. ఆరోజు తన ఖాళీ చేతుల్ని చూసుకుంటోంది. వేళ్లు ఇంకా డబ్బా అంచును పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. తర్వాత తల తిప్పి పాపను చూసింది. తర్వాత నన్ను. నేను పాప బెల్టులు మరోసారి తడిమి చూశాను. ఆ సీటు మా డబ్బా కారును గట్టి కారుగా మార్చదని నాకు తెలుసు. అక్కడ ఉన్నది గొర్రెలు కాక లారీ అయి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? అందుకే ఆ రోజు తర్వాత, అత్తమ్మ లేనప్పుడు మా ఆయన పక్కన కూర్చుని స్పీడు ముల్లు చూసే పని కూడా నాదే అయింది.

"అక్కా, ఒకటి బాగుండాది" అన్నాడు చిన్నాయన మెల్లగా లేస్తూ. ఆయన చొక్కా జేబులో ఒక కజ్జికాయ పగలకుండా దిగబడి ఉంది. తీసి నోట్లో వేసుకున్నాడు.

"అది నా కూతురిదిరా!" అని అత్తమ్మ ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. అప్పుడు అందరం నవ్వాం. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

పులివెందులలో మా ఆడపడుచు కజ్జికాయల పొడిని గిన్నెలో వేసుకుని చెంచాతో తినింది. బాగుందనే అంది.

సాయంత్రం బయలుదేరేటప్పటికి పాప నిద్రపోయింది. అక్కడి పెద్దవాళ్లు చుట్టూ చేరారు. "నిద్రపోయే బిడ్డను ఆ కుర్చీలో ఎందుకమ్మా, ఒళ్లో పండుకోబెట్టుకోండి" అని వియ్యపురాలు అంది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పడానికి ఊపిరి పీల్చుకున్నాను. ఈలోగా అత్తమ్మ నా భుజం మీద నుంచి పాపను తీసుకుంది. వంగి, సీట్లో కూర్చోబెట్టి, బెల్టులు పట్టుకుని తిప్పలు పడుతోంది.

"యాడికి తోయల్ల దీన్ని?"

"ఆ ఎర్ర బటన్ దగ్గరికి అత్తమ్మా. టక్కుమనాలి."

టక్కుమంది. ఆమె ఒకసారి లాగి చూసుకుంది. వియ్యపురాలి వైపు తిరిగి, "ఒళ్లో అయితే నిలబడదు వదినా. నా ఒళ్లోదే నిలబడలేదు" అంది.

చిన్నాయన అప్పటికే వెనక మధ్యలో ఒక కాలు పెట్టాడు.

"నువ్వు యాడికిరా? నువ్వు బస్సులో రా. నీకు బెల్టు లేదు."

"బస్సులో బెల్టు ఉండాదా అక్కా?"

"బస్సు ఏనుగురా. దాన్ని చూసి లారీ తప్పుకుంటాది. మన బండికి గొర్రె కూడా తప్పుకోల్యా. పో."

ఆయన ఎంత బతిమాలినా వినలేదు. ఆయన్ను బస్టాండుకు పంపి, మేము నిదానంగా బయలుదేరాం. గొర్రెలు కనబడిన మలుపు దగ్గర మా ఆయన ఎవరూ చెప్పకుండానే వేగం తగ్గించాడు. అత్తమ్మ దారి పొడుగునా ఒళ్లో ఏమీ పెట్టుకోలేదు. ఖాళీ డబ్బా డిక్కీలో గలగలమంటూ వచ్చింది. పాప జమ్మలమడుగు దాకా లేవలేదు.

ఇంటి ముందు కారు ఆపేసరికి చిన్నాయన అరుగు మీద కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు.

"ఏం అక్కా, తోసుకుంటా వచ్చినారా బండిని?"

అత్తమ్మ బెల్టు తీసుకుని, చీర కుచ్చిళ్లు సరిచేసుకుని దిగింది. వెనక తలుపు తెరిచి, నిద్రలో ఉన్న పాప బెల్టు తనే విప్పింది.

"నువ్వు ముందర వస్తే వచ్చినావులే. మేం ఎట్ల పోయినోళ్లం అట్లే తిరిగొచ్చినాం" అంది.