నూనె పెట్టిన నాలుగు సిలిండర్లు

వికారాబాద్ దాటాక గుట్టల్లో ఉన్న ఒక రిసార్ట్‌లో పెయింట్‌బాల్ సామాను చూసుకోవడం నా మొదటి ఉద్యోగం. రంగు గోళీలు కాల్చే తుపాకులు, వాటి వెనక బిగించే గాలి సిలిండర్లు, గాలి నింపే కంప్రెషర్, అన్నీ నా బాధ్యతే. ఒక్కో సిలిండర్ పెద్ద నీళ్ల సీసా అంత ఉంటుంది. లారీ టైరులో గాలి ఒత్తిడి నూరు పీఎస్ఐకి కాస్త అటూ ఇటూ అయితే, ఇందులో మూడు వేలు. ఆ గాలిని తుపాకీ తట్టుకునేంతకు తగ్గించి పంపేది సిలిండర్ మెడలో బిగించే రెగ్యులేటర్.

జాబితా రాసుకోకపోతే నాకు చేతులాడవు. డిప్లొమాలో పడ్డ అలవాటు. షెడ్డు గోడకు తొమ్మిది అంశాల కాగితం అంటించాను. సిలిండర్ పూర్తిగా ఖాళీ చేయాలి. మీటరు సున్నా చూపినా నమ్మకుండా గాలి వదిలే పిన్ను నొక్కి చూడాలి. పాత రెగ్యులేటర్ విప్పాక మెడలోపలి మరలను టార్చి వేసి చూడాలి. గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ కొత్తది వేయాలి. కొత్త రెగ్యులేటర్‌ను చేత్తోనే చివరిదాకా తిప్పాలి. మధ్యలో పట్టేస్తే బలవంతం చేయకుండా వెనక్కి తీయాలి. గాలి నెమ్మదిగా నింపి, సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఇలా సాగుతుంది.

నాకు సాయంగా వచ్చిన చాచాది తాండూరు. ముప్పై ఏళ్లు బండలు పాలిష్ చేసే యూనిట్‌లో మిషన్లు చూశాడు. ఊపిరితిత్తుల్లో బండ దుమ్ము చేరిందని, ఇంకా అక్కడే ఉంటే మంచాన పడతావని డాక్టర్ చెప్పాక మానేశాడు. పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేవాడు. వచ్చి రెండు నెలలైంది, దగ్గు తగ్గింది. ఈ పని పోతే మళ్లీ ఆ దుమ్ములోకే పోవాలి. ఆయనకు మిషన్ల పని తప్ప వేరే రాదు.

ఒకరోజు పని తొందరలో ఉన్నాం. మర్నాడు హైదరాబాద్ నుంచి ఒక ఆఫీసు వాళ్లు ఆటకు వస్తున్నారు. పార్సిల్ తేవడానికి నేను వికారాబాద్ బస్టాండ్‌కు పోయి వచ్చేసరికి, ఖాళీ చేసి ఉంచిన నాలుగు సిలిండర్లకూ కొత్త రెగ్యులేటర్లు బిగించి, తళతళలాడేలా తుడిచి, వరసగా పెట్టి ఉన్నాయి.

"నీ పని జర తగ్గించిన బేటా. చాయ్ తాగుదాం పా."

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మెడ దగ్గర వేలికి జిడ్డు తగిలింది.

"గిదేంది చాచా?"

"నూనె. పెట్టకుంటే మరల చూడీలు పట్టేస్తయ్. లోపల్దాక పోనిచ్చిన. మా యూనిట్ల నేను బిగించిన నట్టు ఒక్కటన్న తుప్పు పట్టిందా, పోయి అడుగు."

"గాలి ఎక్కించినవా?"

"లే. గది నీ పని గదా."

సిలిండర్‌ను మెల్లగా కింద పెట్టాను. అంత ఒత్తిడితో గాలి దూసుకొస్తే లోపల వేడి పుడుతుంది. మామూలు నూనె ఉంటే అంటుకుంటుంది, సిలిండర్ పేలిపోవచ్చు. ఓ-రింగుకు మాత్రమే, ఆ పనికోసమే చేసిన గ్రీజు గింజంత రాస్తాం. ఇదంతా చెప్పాను.

"మేడంకు తెలుస్తే తీసేస్తది," అన్నాడు చాచా.

మా మేనేజర్ మేడంది నవాబుపేట. గాలి దగ్గర తప్పు జరిగితే రెండో మాట ఉండదని చేరిన రోజే చెప్పింది. తుడిచేసి ఊరుకుందామా అని నాకు అనిపించిన మాట నిజం. కానీ లోపలికి పోయిన చుక్కను గుడ్డ అందుకోలేదు.

అప్పుడు గోడ మీది కాగితం చదివాను. తొమ్మిదీ చేయాల్సినవే. చేయకూడనిది ఒక్కటీ లేదు. పైగా ఇంగ్లిష్‌లో రాశాను. చాచాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు కూడబలుక్కుంటాడు. నూనె పెట్టకపోవడమే నిర్లక్ష్యం అనుకునే చోట నేనెప్పుడూ పని చేయలేదు కాబట్టి, ఆ మాట రాయాలని తోచనే లేదు. కాగితం పీకి, చాచాను వెంటపెట్టుకుని మేడం దగ్గరకు పోయాను. జరిగింది చెప్పాను.

ఆమె కాగితం చివరిదాకా చదివింది. "ఇది ఎవరికోసం రాసినవ్?"

"పని చేసేటోళ్ల కోసం మేడం."

"ఈయనకు సదవొస్తదా? నూనె వద్దని యాడుంది?"

"లేదు మేడం. నా తప్పే."

"నీ తప్పు సంగతి తర్వాత." చాచా వైపు తిరిగింది. "ఎందుకు పెట్టొద్దో తెల్వని మనిషిని ఆ షెడ్ల ఉంచ. రేపు పొద్దుగాల నాకు సమజయ్యేటట్టు చెప్పు. చెప్తే ఉంటవ్. మధ్యల ఈ పిలగాడు నోరు తెరిస్తే ఇద్దరు ఇంటికే."

ఆ మధ్యాహ్నం చాచాకు బొమ్మలు గీసి ఒత్తిడి, ఉష్ణోగ్రత, మండే స్థానం అన్నీ వివరించాను. క్లాసులో నేను ఊపినట్టే ఆయన తల ఊపాడు. అర్థమైందో లేదో తెలియలేదు. సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.

పొద్దున మేడం గదిలో నిలబడి, "డీజిల్ ఇంజన్‌కు నిప్పు పుట్టించే ప్లగ్గు ఉంటదా మేడం?" అని మొదలుపెట్టాడు.

"నన్నడుగుతున్నవా?"

"ఉండదు. గాలిని గట్టిగ నొక్కుతే గదే నిప్పోలె అయితది. డీజిల్ సుక్క పడంగనే మండుతది. యూనిట్ల జనరేటర్ నడిపినోన్ని, నాకెరుకే. నిన్న సీసల సుక్క నేనేసిన, ఎరుకగాకుంటే గాలి ఈ పోరడు నొక్కుతుండె. ఇంజన్‌కు సుట్టూత మందం ఇనుముంటది. ఈ సీస ముంగట పోరని మొకముండె."

"రెండు నెలలు సిలిండర్లు ముట్టకు. తుపాకులు చూస్కో," అంది మేడం.

ఆ నాలుగూ పరీక్ష కోసం హైదరాబాద్ పంపాం. సిలిండర్లు చాలక ఆ రోజు సగం మంది ఆడుతుంటే మిగతా సగం మంది గొణుక్కుంటూ కూర్చున్నారు. చాచా తుపాకుల్లోంచి రంగు కడుగుతూ నావైపు చూశాడు.

"ఏం సదివినవ్ బేటా? డీజిల్ ఇంజన్ అంటే ఒక్క మాటల అయిపోతుండె. గంట సేపు నా తల తిన్నవ్."

నేను నవ్వాను. ఆయన మరో తుపాకీ అందుకున్నాడు.

"నౌకరి పోతదేమోనని నిన్న ఇంట్ల చెప్పలే," అన్నాడు. "ఇంక చెప్పే పని లేదు."