వత్తులు విడిపోయిన కార్డు

బరంపురంలోని ఒక ప్రెస్సులో పదకొండేళ్లుగా పెళ్లికార్డులు, కర్మకార్డులు కంపోజ్ చేస్తున్నాను. ఒక కాలేజీ లెక్కల పుస్తకాల పని దొరికాక మా యజమాని పాత సాఫ్ట్‌వేర్ తీయించేసి కొత్తది పెట్టించాడు. అందులో రాస్తున్నప్పుడు పేజీ కంటికి కనపడదు. ఆదేశాలు రాసి నడిపిస్తే చివర్న తయారవుతుంది. ఆ పని వచ్చినవాడు మా సీనియర్ ఆపరేటర్ ఒక్కడే. కటకంలో నేర్చుకుని వచ్చాడు.

నేను దగ్గరికి వెళ్తే స్క్రీన్ పక్కకి తిప్పేసేవాడు.

"అన్నయ్యా, ఇదేటి తప్పు సూపిస్తంది?"

"మాన్యువల్ ఉంది కదా, సదువుకో."

ఆ మాన్యువల్ వందల పేజీల ఇంగ్లీషు. నేను ఒడియా మీడియంలో చదివి ఇంటర్ తప్పినదాన్ని. డిక్షనరీ పక్కన పెట్టుకుంటే రోజుకి రెండు పేజీలు నడిచేవి. ఇంటర్నెట్‌లో సందేహాలు తీర్చే చోటొకటి కనపడితే నాకొచ్చిన ఇంగ్లీషులోనే ప్రశ్న రాశాను. ముందు వెతికి ఆ తర్వాత అడగమని ఎవరో ఒక్క ముక్క రాసి ప్రశ్న మూసేశారు. అది సీనియర్ కంట ఎలా పడిందో తెలీదు. టీ వేళ నా వాక్యాలన్నీ తప్పులతో సహా పైకి చదివాడు. బైండింగ్ వాళ్లు నవ్వారు. యజమానీ నవ్వాడు.

ఆ వారంలోనే సముద్రపు ఒడ్డున ఉన్న సోనేపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పడవ బోల్తా పడి మేనల్లుడు పోయాడట. ఎల్లుండి పదోరోజు, సాయంత్రానికి కార్డులు కావాలన్నాడు. కుర్రాడి పేరులో రెండు వత్తులున్నాయి. నేను ఎన్నిసార్లు నడిపినా అక్షరం కింద ఉండాల్సిన వత్తు విడిపోయి పక్కన పూర్తి అక్షరంలా నిలబడింది. సీనియర్‌ని పిలిచాను. వచ్చి తీరిగ్గా చూశాడు.

"కొత్తదాన్లో తెలుగు అలాగే వస్తాది. ఎవులు సూస్తారు, కొట్టించీ."

యజమాని కాగితం లాక్కుని మెషిన్‌కి పంపేశాడు. నేను అడ్డుపడలేదు.

పెద్దాయన ఒక కార్డు తీసి పెదవులు కదుపుతూ చదివాడు. "ఇది మావోడి పేరు కాదు కదమ్మా."

"సదివేవోలు సరిగ్గా సదువుకుంటార్లే. మళ్లీ కొట్టడానికి టైం నేదు" అన్నాడు యజమాని. పెద్దాయన ఆ కట్ట తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు గాలించాను. చివరికి మా కంప్యూటర్‌లోనే, ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన ఫోల్డర్‌లో దొరికింది. హిందీకి ఇచ్చిన చిన్న ఉదాహరణ. ఫాంటు పేరు పక్కన ఏ లిపో చెప్పాలి, అంతే. దేవనాగరి అన్న చోట తెలుగు అని మార్చాను. వత్తులు వాటి చోట్లోకి వచ్చి కూర్చున్నాయి. అనుమానం వచ్చి సీనియర్ కటకం నుంచి తెచ్చుకున్న పాత ఫైళ్లు తెరిచాను. తెలుగు ఉన్న ప్రతి ఫైల్లో పైన అదే మాట ఉంది.

"తెలిసీ సెప్పనేదా?"

అతను టైపింగ్ ఆపలేదు. "కటకంలో నాలుగేళ్లు తిట్లు తిని నేర్సుకున్నాను. నీకు ఊరికే ఇచ్చెయ్యాలేటి?"

పదోరోజు దాటిపోయినా, ఆదివారం పేరు సరిచేసిన కార్డులు తీసుకుని సోనేపూర్ వెళ్లాను. పెద్దాయన నన్ను కూర్చోమనలేదు. లోపల్నుంచి కుర్రాడి తల్లి వచ్చి ఒక కార్డు అందుకుంది. ఆమెకి చదువు రాదు. కొడుకు పేరు ఎక్కడుందో అడిగి, అక్కడ వేలు పెట్టి తడిమింది.

"మరి ముందిచ్చినవాట్లో ఏటి రాసినారు?"

"పేరు తప్పు పడిందమ్మా" అన్నాను.

ఆమె కార్డు నా చేతిలో పెట్టేసి లోపలికి వెళ్లింది. కాసేపటికి ఏడుపు వినపడింది. పెద్దాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పేరు తప్పని దానికి నాను సెప్పనేదు. నీ బరువు దించుకోడానికి ఇంత దూరం వచ్చినావా? ఎల్లు."

బస్సు వచ్చేదాకా ఎండు చేపల వాసనలో రోడ్డు మీద నిలబడ్డాను. సోమవారం మళ్లీ పనికి వెళ్లి సీనియర్ పక్క కుర్చీలోనే కూర్చున్నాను. నా చేతిలో వత్తులు సరిగ్గా పడటం చూసి, తెలుగు పనులన్నీ ఇక నావేనని యజమాని చెప్పాడు. సంతోషం వేసింది. ఆ సంగతి కూడా దాచను.