బావ కూర్చునే పీట

మా అక్క నన్ను అడిగింది ఒక్కటే. "ఆ కెమెరాలో ఉండిపోయిన రీలు కడిగి ఇయ్యిరా. అందులో మేమిద్దరం ఉన్నాం."

బావ పోయి అప్పటికి పదహారు రోజులు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకాల ఆయనే. ఫోన్లొచ్చాక కూడా అంతే, ఎవరైనా ఫోన్ ఎత్తితే లేచి వాళ్ల వెనక్కి పోయేవాడు. పోయే ముందు ఆదివారం మాత్రం, ఏమనిపించిందో, ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఆవిడ చేతికి కెమెరా ఇచ్చి అక్క పక్కన నిలబడ్డాడట.

బావ స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్. సీతమ్మధారలో వాళ్లింటి వెనక బాత్రూంలో ఏడేళ్లపాటు మేమిద్దరం కలర్ ఫిల్మ్ కడిగాం. పన్నెండు ఫొటోలొచ్చే వెడల్పు రీలు అది. మాకు తెలిసిన స్టూడియోలు ఆ పని ఎప్పుడో మానేశాయి. పాడుచెయ్యడం నా వంతు, ఎందుకు పాడైందో చెప్పడం ఆయన వంతు. ఫిల్మ్ మీద నెలవంకల్లాంటి మచ్చలొస్తే "తొందరపడి మడత పెట్టీసినావు బావా" అనేవాడు. నన్నూ బావా అనే పిలిచేవాడు. రంగులు తేడాగా వస్తే బకెట్లో వేలు ముంచి "నీల్లు సల్లారిపోనాయి" అనేవాడు. సముద్రపు తేమకి ఫిల్మ్ చుట్టే చక్రం పట్టేస్తోందని దాన్ని అక్క బియ్యం డబ్బాలో దాచేవాడు. అక్క తిట్టేది. చక్రం మాత్రం శుభ్రంగా ఎండేది.

మందులు రెండు. మొదటిది బొమ్మను తేలుస్తుంది, రెండోది మిగిలినదాన్ని కడిగేస్తుంది. రెండూ ఒకేలాంటి నల్ల సీసాల్లో ఉండేవి. పేర్లు రాసి అంటిద్దామంటే "నీల్లలో ఊడిపోద్ది, ఎందుకూ?" అనేవాడు. సీసాలుంచిన వేడినీళ్ల బకెట్ మధ్యలో పెట్టుకుని, చెరో పీట మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. ఆయన కుళాయి వైపు, నేను గుమ్మం వైపు. మొదటి మందు ఎప్పుడూ నా ఎడమచేతి పక్కన. ఏడేళ్లూ అంతే.

ఆ రోజు సీసాలు ఆయన పెట్టి వెళ్లినట్టే ఖాళీ బకెట్లో ఉన్నాయి. కదపబుద్ధి కాలేదు. వేడినీళ్లు మాత్రం పోశాను. మిగతావన్నీ జాగ్రత్తగానే చేశాను. చక్రం బియ్యంలో ఎండబెట్టాను, చేతులు తుడుచుకున్నాను, చీకట్లో ఫిల్మ్ దానికి చుట్టి వెలుతురు చొరని డబ్బాలో పెట్టి మూశాను, నీళ్ల వేడి మూడుసార్లు కొలిచాను. ఎడమ సీసా అందుకుని, ఫోన్లో సెకన్లు చూసుకుంటూ మందు ఆ ఫిల్మ్ డబ్బాలో పోసి తిప్పాను. మూడుంబావు నిమిషాలయ్యాక తిరిగి సీసాలోకి వంచితే చిక్కటి చారులా ఎర్రగా వచ్చింది. అది రెండో మందు.

అప్పుడు తెలిసింది, నా వీపుకి కుళాయి తగులుతోందని. నేను ఆయన పీట మీద కూర్చున్నాను. అటు కూర్చుంటే కుడి ఎడమ తారుమారవుతాయి. ఇంత చిన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

బొమ్మ తేలకముందే కడిగేస్తే ఇంకేమీ మిగలదు. తెలిసి కూడా, ఏదో పిచ్చి ఆశతో, మొదటి మందు పోశాను. ఫిల్మ్ నారింజరంగు గాజుముక్కలా ఖాళీగా బయటికొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అక్క దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఏటీ అగుపడ్డం నేదేట్రా?"

"ఫిలిం పాతదక్కా. ముందే పాడైపోనాది." అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నా నోట.

"సెప్పాను మీ బావకి, సవగ్గా వస్తందని పాత సరుకు కొనొద్దని. నా మాట ఎప్పుడిన్నారు గనక!" అంటూ పోయిన మనిషిని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే ఏడ్చింది.

నా తప్పు ఆయన మీద పడుతుంటే ఊరుకోలేకపోయాను. సీసాల సంగతి, పీట సంగతి, ఉన్నదంతా చెప్పేశాను.

అక్క ఫిల్మ్‌ని మెల్లగా చుట్టింది. ఫొటో మాట మళ్లీ ఎత్తలేదు.

"ఆయన పీట మీదెందుకు కూకున్నావురా?" అంది.

"నా పీట మీద కూకుంటే, ఎదర ఆయన పీట ఖాళీగా అగుపడతందక్కా. సూళ్లేకపోనాను."