అమ్మ పీట, నా పీఠభూమి

ఈ రోజు సాయంత్రం మా అమ్మ నాకు భూగోళం పాఠం చెప్పింది. నేను అదే పాఠాన్ని ఏళ్లుగా అహేరి బడిలో మరాఠీలో చెబుతున్న మాస్టారిని.

జిమల్‌గట్టలో మా ఇంటి వరండాలో కూర్చుని, రేపటి క్లాసు కోసం చార్టు మీద టేబుల్ బొమ్మ గీస్తున్నాను. ఎత్తుగా, పైన చదునుగా ఉండే నేలను పిల్లలకు చూపడానికి ఏటా గీసేది అదే. చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తొంగి చూసింది.

"గిదేంది కొడుకా?"

"మరాఠీల పఠార్ అంటరమ్మా. మన తెలుగుల పీఠభూమి."

"పీఠమంటే పీటనే గదా? మరి పీట గియ్యకుంట టేబుల్ గీసినవేంది? టేబుల్ కింద మేకలు పండుకుంటయి. గుట్ట కిందికి దూరి పండుకుంటయా?"

అమ్మ లేచి, తాను అన్నానికి కూర్చునే మందపాటి టేకు పీటను వాకిట్లో పెట్టి, పక్కన చెంబెడు నీళ్లు పోసింది. నీళ్లు పీటను చుట్టుకుని పోయాయి. పైన చుక్క తడి లేదు.

"వాగొచ్చినప్పుడు వడ్లు మోసుకపోయేది గిసుంటి జాగకే గదా! జర గిది పట్కపోయి చూపియ్యి."

పీఠం లాంటి భూమి కాబట్టి పీఠభూమి అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. ఇంట్లో పీట మాత్రం ఒక్కసారీ గుర్తుకు రాలేదు. చార్టు చింపేశాను.

మీకూ ఇలా ఇంట్లో పాఠం చెప్పినవాళ్లుంటే కింద రాయండి. రేపు పొద్దున అహేరి బస్సులో చంకలో పీటతో ఎక్కేది నేనే. నవ్వుకోండి, కానీ సీటు కోసం జరగనక్కర్లేదు. నాది నేనే తెచ్చుకుంటున్నాను.