వడియాల మీద కాకులు

నా చిన్నప్పుడు నిమ్‌పురా రైల్వే కాలనీలో మా నాన్న రిటైరయ్యే నెల దగ్గరపడేసరికి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? మిగిలిన ఆశంతా మా అన్నయ్య కాళ్ల మీదే. ఫుట్‌బాల్ బాగా ఆడేవాడికి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ పని, దాంతోపాటు క్వార్టరూ ఇచ్చే రోజులవి. ఆదివారం ఫైనల్ చూడ్డానికి వర్క్‌షాపు పెద్ద సాహెబు వస్తున్నాడన్నారు.

అవతలిది లోకో షెడ్డు జట్టు. గోల్ ముందు అడ్డుపడే వాళ్ల బ్యాకులు ఇద్దరూ, ఒక్కొక్కడూ దున్నపోతులా ఉండేవాడు. మా జట్టులో నేనే అందరికన్నా చిన్నవాణ్ణి. మాకు తెలిసిన ఆటల్లా బంతి ఎక్కడుంటే అక్కడికి గుంపుగా ఎగబడడమే. అన్నయ్య మధ్యలోంచి దూసుకెళ్లబోయి ప్రతిసారీ వాళ్ల కింద నలిగిపోయేవాడు. ఫైనల్ ముందురోజు "ఇంక మన పని అయిపోయిందిరా" అంటూ పెరట్లో కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అక్కడే మా నాయనమ్మ మంచం మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టి, కర్ర పట్టుకుని కాపలా కాస్తోంది.

"ఏటిరా ఆ ఏడుపు? ఈ కాకుల్ని సూడండి. అన్నీ ఒక్కసోటే వాలితే ఒక్క దెబ్బకి తోలీగల్ను. ఒకటి ఆ సివర గెంతుతాది, నానటెల్తే ఇంకోటి ఈ సివర వడియం ఎత్తుకుపోతాది. మీరూ అలా ఎడంగా నిలబడండి" అంది.

అన్నయ్య కాకుల్నే చూస్తూ అడిగాడు. "మరి ఆ గెంతే కాకికేటి దొరుకుతాదే, మామ్మా?"

నాయనమ్మ చేతిలోని కర్ర చూసుకుంది.

మర్నాడు ఆట అయిపోవస్తున్నా గోల్ లేదు. అప్పుడు అన్నయ్య బంతి తీసుకుని మైదానం అంచుకి పరుగెత్తాడు. ప్రమాదం వాడితోనే అని బ్యాకులకు తెలుసు, ఇద్దరూ వాడి వెంటే పోయారు. కాలు మీద తన్ను పడుతుండగా బంతిని మధ్యలోకి కొట్టాడు. గోల్ ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. కళ్లు మూసుకుని తన్నాను.

జనం నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. సాహెబు నా వీపు తట్టి, పెద్దయ్యాక పనికి రమ్మన్నాడు. అంచున కాలు పట్టుకుని కూర్చున్నవాడి వైపు చూడనైనా లేదు.

అన్నయ్యకి పని రాలేదు, క్వార్టరు పోయింది. అన్నయ్య గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసి మమ్మల్ని సాకాడు. ఈడు రాగానే నన్ను వర్క్‌షాపులోకి తీసుకున్నారు.

ఇప్పటికీ మా ఇంట్లో వడియాలు వేయిస్తే, ముందు అన్నయ్య కంచంలో పడేదాకా నేను ముట్టుకోను. "తినరా, నాకెందుకు?" అంటాడు వాడు. నాకు మాత్రం ముద్ద దిగదు.